పదిహేడు మీటర్ల వరండా

మూడో నంబరు ఫ్లాటు వాళ్ళు చెప్పుల స్టాండు మళ్ళీ బయటికి జరిపారు. గోడకు ఆనించి పెట్టమని నిన్ననే అడిగాను. సరేనన్నారు, పెట్టారు కూడా. తెల్లారేసరికి అది మళ్ళీ వరండా మధ్యకు వచ్చేసింది. దాన్ని తప్పించుకుని వెళ్ళాలంటే ప్రతిసారీ రెండడుగులు పక్కకు వెయ్యాలి. పక్కకు వేసిన అడుగులు లెక్కలోకి రావు.

నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. మేముండేది రెండో అంతస్తు. నెల రోజులుగా మా ఫ్లాట్ల ముందున్న వరండాలో పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని రౌండ్లు నడుస్తున్నాను. మెట్ల తలుపు దగ్గర బయల్దేరి, చివర ఎదురుగోడ దాకా వెళ్ళి, తిరిగి మెట్ల తలుపు దగ్గరికొస్తే ఒక రౌండు. వరండా పొడవు పదిహేడు మీటర్లు, రౌండుకు ముప్ఫై నాలుగు. ఇంకా నూట నలభై రౌండ్లు మిగిలున్నాయి. అవి ఆదివారంలోపు అయిపోవాలి. ఆదివారం చివరింటాయన వరండాకు అడ్డంగా గ్రిల్లు పెట్టిస్తున్నాడు. అది వస్తే నాలుగు మీటర్లు దాని వెనక్కి పోతాయి.

ఈ నడక నేను మొదలుపెట్టింది కాదు, మా ఆవిడది.

ఆపరేషన్ అయ్యాక రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. మా భవనానికి లిఫ్టు లేదు, ఆవిడ మెట్లు దిగలేదు. వరండాలో నడవమంటే రెండు రోజులు నడిచి, ఎక్కడికీ పోని నడక విసుగొస్తోందని కూర్చుండిపోయింది. ఆ వారమే నేను ఎనిమిదో తరగతికి ఏడో పాఠం చెప్పాల్సి ఉంది. పాఠం పేరు 'ప్రపంచ మతాలలో యాత్రలు'. క్లాసులో చెప్పబోయేది ముందురోజు సాయంత్రం ఆవిడకు చదివి వినిపించడం నాకు అలవాటు. ఆవిడ కూరగాయలు తరుగుతూ వినేది. మధ్యలో కత్తి ఎత్తి, "ఇక్కడ ఆవలిస్తారు" అనేది. పిల్లలు సరిగ్గా అక్కడే ఆవలించేవాళ్ళు.

ఆ రోజు ఒక్కసారి కూడా కత్తి ఎత్తలేదు. కైలాసం చుట్టూ సాష్టాంగపడుతూ సాగేవాళ్ళ సంగతి రెండుసార్లు చదివించుకుంది. వాళ్ళు ఒళ్ళంతా నేలకు ఆనించి, చేతులు చాపి, చేతులు ఆనినచోట లేచి నిలబడతారు. మళ్ళీ అక్కడినుంచే పడుకుంటారు. పొద్దుపోతే ఆగినచోట గుర్తు పెట్టుకుని, మర్నాడు సరిగ్గా ఆ గుర్తు దగ్గరే మొదలుపెడతారు. జపాన్‌లో ఒక దీవి చుట్టూ ఎనభై ఎనిమిది గుళ్ళు తిరిగేవాళ్ళు ఒంటరిగా నడిచినా, 'ఇద్దరం కలిసి వెళ్తున్నాం' అని టోపీ మీద రాసుకుంటారు. యూరప్‌లో కొన్ని పాత చర్చిల నేల మీద మెలికలు తిరిగిన దారి ఒకటి పరిచి ఉంటుంది. జెరూసలేం దాకా పోలేనివాళ్ళు ఆ దారిలోనే నడిచి తృప్తిపడేవాళ్ళని చెబుతారు.

"అయితే ఇంట్లో నడిచినా చెల్లుతుందన్నమాట" అంది ఆవిడ.

వాళ్ళమ్మకు కొండకు నడిచి వెళ్ళాలని ఉండేదట. వెళ్ళకుండానే పోయింది. మా గుమ్మం నుంచి కొండకు రోడ్డు మీద రెండు వందల నలభై కిలోమీటర్లు. ఆవిడ వరండాలో ఒకసారి ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి, నలభై అడుగులు పట్టాయంది. అడుగుకు అరమీటరు, వరండా ఇరవై మీటర్లు, రౌండుకు నలభై. ఆరు వేల రౌండ్లయితే కొండ. నా పాత హాజరు పట్టీ ఒకటి తీసుకుని, పిల్లల పేర్లుండాల్సిన చోట తేదీలు వేసి, ఏ రోజు ఎన్ని రౌండ్లో గళ్ళల్లో రాసుకోవడం మొదలుపెట్టింది. ఫ్రిజ్ పక్క గోడకు రోడ్డు మ్యాపు అంటించి, దానికి ఆకుపచ్చ తల ఉన్న గుండుసూది గుచ్చింది. సాయంత్రం నేను రాగానే సూది ఎక్కడిదాకా వచ్చిందో చూపించేది. నేను బాగుందనేవాణ్ణి. ఒక్కరోజు కూడా ఆవిడతో నడవలేదు. స్కూలునుంచి తెచ్చిన పేపర్లు దిద్దుకుంటూ, వరండాలో చెప్పుల చప్పుడు వింటూ కూర్చునేవాణ్ణి.

తొమ్మిది నెలల్లో అయిదు వేల అయిదు వందల రౌండ్లయ్యాయి. ఒకరోజు భోజనాల దగ్గర, నిన్నటితో నది దాటేశాను, ఇంకా ఇరవై కిలోమీటర్లే అంది. అడుగు అరమీటరని ఎలా తెలుసని నేను అడిగాను. ఎందుకడిగానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. తప్పు లెక్క కనిపిస్తే నా చెయ్యి ఎర్ర పెన్ను మీదికి దానంతటదే పోతుంది. మర్నాడు ఒంటిపూట బడి. పి.టి. మాష్టారిని అడిగి స్కూలు టేపు తెచ్చాను. మధ్యాహ్నం ఆవిడ పడుకున్నప్పుడు మెట్ల తలుపునుంచి ఎదురుగోడ వరకు పరిచి కొలిచాను. పదిహేడు మీటర్లు వచ్చింది. నిద్రలేవకముందే లెక్క తిరగేసి కట్టి, గుండుసూదిని ముప్ఫై మూడు కిలోమీటర్లు వెనక్కి గుచ్చాను.

లేచాక మ్యాపు ముందు కాసేపు నిలబడింది.

"అయ్యో, నది దాటాననుకున్నానే" అంది. "మళ్ళీ దాటాలన్నమాట. సరేలెండి మాష్టారూ."

కోపం తెచ్చుకోలేదు. కోపం వచ్చి ఉంటే నాకిప్పుడు కొంచెం సులువుగా ఉండేది.

అది జరిగిన పదిహేను రోజుల్లోనే చివరింటాయన పేచీ మొదలైంది. ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు. వరండా ఎదురుగోడ దగ్గర ఎడమకు మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో మూడు మీటర్ల సందు, సందు చివర వాళ్ళింటి కిటికీ. సందులో ఒక పాత బీరువా, బట్టలారేసే స్టాండు ఉంటాయి. అందరి స్థలమే అయినా వాళ్ళదన్నట్టే ఉంటుంది. కిటికీ పక్క గోడ మీద ఎవరో రోజూ చెయ్యి పెట్టి మాపు చేస్తున్నారని, వరండాలో తిరిగేది మా ఆవిడ ఒక్కతే కాబట్టి ఆవిడే అయి ఉండాలని ఆయన ఫ్లాట్ల సెక్రటరీకి ఫిర్యాదు చేశాడు. సెక్రటరీగారు రిటైరైన స్టేషన్ మాస్టరు. ఏ మాట చెప్పినా రాతపూర్వకంగా ఇవ్వమంటారు. నేను కూర్చుని ఒక పేజీ ఉత్తరం రాశాను. మా ఇంట్లోవారెవరూ ఆ మలుపు తిరిగి వెళ్ళరనీ, ఆ స్థలంతో మాకెలాంటి అవసరమూ లేదనీ, ఆధారం లేని నింద చదువుకున్నవారికి తగదనీ రాశాను. ఇచ్చేముందు ఆవిడకు చదివి వినిపించాను.

"చాలా బాగుంది" అంది ఆవిడ. "ఒక్క తప్పూ లేదు."

ముసిముసిగా నవ్వింది. ఉత్తరం అంత బాగా కుదిరిందనుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ ఇంకో ఆరు వందల ఇరవై రౌండ్లు నడిచింది. పట్టీలో చివరి గడిలో పదకొండు అని ఉంది. దాని తర్వాతి గడిలో తేదీ మాత్రమే ఉంది.

నా కొలత ప్రకారం కొండకు ఇంకా తొమ్మిది వందల ముప్ఫై తొమ్మిది రౌండ్లు. ఆవిడ కొలతే ఉంచి ఉంటే, చేరి అప్పటికే నూట ఇరవై రౌండ్లు దాటి ఉండేది. నేను టేపు తేకపోతే తన మనసులోనైనా చేరి ఉండేది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఆవిడ పోయిన నెలకు, ఒక సోమవారం పొద్దున చెప్పులు వేసుకుని మెట్ల తలుపు దగ్గరికి వెళ్ళి, ఆవిడ ఆగినచోటినుంచి మొదలుపెట్టాను.

ఎవరికీ నచ్చలేదు. రెండో నంబరావిడ టీవీ వినపడటం లేదని తలుపు ధడాలున వేసేది. మూడో నంబరు వాళ్ళ చెప్పుల స్టాండు సంగతి చెప్పాను. మా బావమరిది ఫోన్ చేసి, బస్సెక్కితే అయిదు గంటల్లో కొండ దగ్గరుంటామని, అక్క ఫొటో ఒకటి తీసుకెళ్దామని, తను సెలవు పెడతానని మూడుసార్లు చెప్పాడు. నేను వినకపోయేసరికి నాలుగోసారి గొంతు మారింది.

"మీరు వరండాలో తిరిగితే అక్క కొండెక్కుతుందా బావా? నలుగురూ ఏమనుకుంటున్నారో తెలుసా?"

తెలుసన్నాను. మక్కాకు వెళ్ళకుండానే చనిపోయినవారి తరఫున మరొకరు హజ్ చెయ్యొచ్చు, కానీ ఆ వెళ్ళేవాడు ముందు తన యాత్ర పూర్తి చేసుకుని ఉండాలి. ఇది ఏటా పిల్లలకు నేనే చెబుతాను. నాకు నాదంటూ ఏ యాత్రా లేదు.

స్కూల్లో ఇంకో గొడవ. ఈ సంవత్సరం ఏడో పాఠం మీద ప్రదర్శన పెట్టాలని, చార్టులు రంగురంగులుగా ఉండాలని, తనిఖీకి వచ్చేవాళ్ళు అవే చూస్తారని హెడ్మిస్ట్రెస్ పట్టుబట్టింది. నేను పిల్లలతో పెద్ద ప్రపంచపటం గీయించి, ఒక్కో యాత్రాస్థలానికి ఒక్కో రంగు బాణాలు వేయించాను. ముందువరసలో ఒక అమ్మాయి ఉంది. ప్రతిదానికీ చెయ్యెత్తుతుందని తోటిపిల్లలు జెండా అని పిలుస్తారు. ఆ జెండా లేచింది. బాణాలన్నీ అటే పోతున్నాయి సార్, మరి వీళ్ళంతా తిరిగి ఇంటికెలా వచ్చారంది. అది పరీక్షలో రాదని, కూర్చోమని చెప్పాను. కూర్చుంది గాని, చెయ్యి వెంటనే దించలేదు.

గ్రిల్లు సంగతి తెలిసింది ఆ వారమే. చివరింటాయన తన గుమ్మానికి కొంచెం ఇవతల వరండాకు అడ్డంగా గ్రిల్లు పెట్టి, సందుతో సహా అంతా తన లోపలికి కలుపుకుంటాడట. ఫ్లాట్ల మీటింగులో తీర్మానం కూడా అయిపోయిందట. ఆ మీటింగుకు నేను వెళ్ళలేదు. సెక్రటరీగారి ఇంటికి వెళ్ళి, అందరి వరండాను ఒకరికెలా రాసిస్తారని అడిగాను. ఆయన అద్దాలు సవరించుకుని ఫైలు తెరిచారు. తీర్మానం కింద నా ఉత్తరం పెట్టి ఉంది.

"ఆ స్థలంతో మాకెలాంటి అవసరమూ లేదని మీరే రాశారు కదండీ. అంత స్పష్టంగా ఇంకెవరూ రాయలేదు."

నా దస్తూరి చక్కగా ఉంది. కామాలు కూడా ఉండాల్సినచోటే ఉన్నాయి.

ఆదివారం పొద్దున అయిదున్నరకే మొదలుపెట్టాను. శనివారం రాత్రికి డెబ్భై మిగిలాయి. పదయ్యేసరికి పద్దెనిమిదికి వచ్చాను. అప్పుడే వెల్డింగువాళ్ళు గ్రిల్లును మెట్ల మీదినుంచి మోసుకొచ్చి నా దారిలో పడుకోబెట్టారు. వాళ్ళ వెనకే పెయింటరు, వాళ్ళ వెనక సెక్రటరీగారు. చివరింటాయన గుమ్మంలో నిలబడి చేతిగడియారం చూసుకున్నాడు. ఇంకో అరగంట ఆగమని అడిగాను. ఆయన పనివాళ్ళవైపు చూసి, వాళ్ళకు ఇంకోచోట పని ఉందన్నాడు. పది నిమిషాలన్నాను.

"మాష్టారూ, మీ దుఃఖం నాకర్థమైంది. నెల రోజులనుంచి అర్థం చేసుకుంటూనే ఉన్నాను. పొద్దున్నే చెప్పుల చప్పుడుకు మా అమ్మ లేచి కూర్చుంటోంది. ఆవిడకీ ఓ నిద్ర ఉండాలి కదా."

గ్రిల్లును దాటి అడుగు వేశాను. వెల్డరు నా మోచెయ్యి పట్టుకుని, కాలికి తగులుతుంది పెద్దాయనా అన్నాడు. విదిలించుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఎవరి చెయ్యీ అలా విదిలించలేదు.

అప్పుడు సందులోనుంచి పిలుపు వినిపించింది. చివరింటాయన తల్లి గొంతు. ఆవిడ కాళ్ళు పడిపోయి మూడేళ్ళుగా కిటికీ పక్క మంచం మీదే ఉంటుంది. నేను ఒకటి రెండుసార్లు తప్ప చూడలేదు.

"ఆ మాష్టారిని ఇటు రమ్మనరా."

బీరువా, బట్టల స్టాండు దాటి మొదటిసారి ఆ మలుపు తిరిగాను. కిటికీ ఊచల వెనక పెద్దావిడ దిండుకు ఆనుకుని కూర్చుంది. చప్పుడు తనకేమీ ఇబ్బంది కాదని, దానికోసమే లేచి కూర్చుంటున్నానని, మీరు ఇక్కడిదాకా రాకుండా అక్కడినుంచే ఎందుకు తిరిగిపోతున్నారో అర్థం కాలేదని అంది. నాకూ ఆవిడ మాట అర్థం కాలేదు. మా ఆవిడ లెక్క ఇంకా పద్దెనిమిది ఉందని, అది అయ్యాక మళ్ళీ రానని చెప్పాను.

"ఇంకా ఏమిటి నాయనా? అమ్మాయి కొండ ఎప్పుడో చేరిందిగా."

గోడ పట్టుకున్నాను. పట్టుకున్నచోట సున్నం నున్నగా ఉంది. తిరిగి చూస్తే కిటికీ పక్కన, నా భుజానికి కొంచెం కింద, అరచేయంత మేర గోడ నల్లబడి ఉంది. అంచుల్లో వేళ్ళ ఆకారం తెలుస్తోంది. స్పెయిన్‌లో ఒక చర్చి స్తంభం గురించి పాఠంలో ఉంది. వందల ఏళ్ళుగా యాత్రికులు చెయ్యి ఆనించి ఆనించి పాలరాతిలో వేళ్ళ గుర్తులు పడ్డాయట. మా ఆవిడ ఎత్తు నా భుజందాకా వస్తుంది.

పెద్దావిడ చెబుతూనే ఉంది. మొదటిరోజునుంచి ప్రతి రౌండుకూ ఇక్కడిదాకా వచ్చి, ఆ గోడ ముట్టుకుని, తనతో ఒక మాట మాట్లాడి తిరిగేదట. కొడుకు పగలంతా బయటే ఉంటాడు కాబట్టి అతనికి తెలియదు. నేను టేపు పెట్టి కొలిచిన సంగతి, సూది వెనక్కి గుచ్చిన సంగతి నవ్వుతూ చెప్పిందట. మీ ఆయనకు చెప్పకపోయావా, ఈ సందు ఆయన కొలవలేదుగా అని పెద్దావిడ అడిగితే, చెబితే ఇక్కడికీ టేపు పట్టుకొస్తారు, మనం మాట్లాడుకోవడానికుండదు అందట.

పదిహేడుకు మూడు కలిపితే ఇరవై. ఆ కూడిక చెయ్యడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆవిడ వెంట ఒక్కరోజు నడిచి ఉంటే సరిపోయేది.

"ఒకరోజు వచ్చి కిటికీగట్టు మీద చేతులు పెట్టుకుని పది నిమిషాలు నిలబడింది. వచ్చేశానండీ అంది. మర్నాడు మళ్ళీ చప్పుడు. చేరావుగా, ఇంకెందుకమ్మా ఈ నడక అన్నాను. తిరిగి ఇంటికి వెళ్ళొద్దూ, ఆయన ఒక్కరే ఉంటారు అంది."

వెనక వెల్డింగు యంత్రం మొదలైంది.

నేను బయటికి వచ్చి సెక్రటరీగారితో, నా ఉత్తరంలో తప్పుందని, వెనక్కి ఇవ్వమని అడిగాను. అది ఫైల్లో చేరిందని, ఇంకో ఉత్తరం రాసిస్తే వచ్చే నెల మీటింగులో పెడతామని ఆయన అన్నారు. పెయింటరు డబ్బా పట్టుకుని సందులోకి పోతుంటే, ఆ అరచేతి మేర వదిలెయ్యమన్నాను. అతను చివరింటాయన వైపు చూశాడు. ఆయన, కొత్త రంగు మధ్యలో జానెడు మాపు వదిలితే ఏం బాగుంటుందండీ అన్నాడు. విసుగ్గా కాదు, నిజంగానే అడిగాడు. అదేమిటో, ఎవరిదో చెప్పాలని నోరు తెరిచాను. పేజీలకు పేజీలు రాయగలిగినవాణ్ణి, ఆ ఒక్క వాక్యం కూర్చుకోలేకపోయాను. బ్రష్షు రెండుసార్లు పైకీ కిందికీ వెళ్ళింది. అయిపోయింది.

ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను. మ్యాపు మీదినుంచి ఆకుపచ్చ సూది పీకి కొండ మీద గుచ్చాను. తర్వాత నూట ఇరవై రౌండ్లు లెక్కగట్టి, నాలుగు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు ఇటువైపు జరిపి గుచ్చాను. కొండ దిగి, రోడ్డు మొదటి మలుపు దగ్గర ఆగింది ఆవిడ. నది ఇంకా చాలా దూరం. నేను నెల రోజులుగా కొండవైపు నడుస్తున్నాను, ఆవిడేమో ఇటు వస్తోంది. సోమవారం జెండాను లేపి, నీ ప్రశ్న మంచిదని, బాణాలకు రెండువైపులా మొనలు పెట్టమని చెప్పాలి.

నాలుగున్నరకు తలుపు తట్టారు. చివరింటాయన. మొహం చిట్లించుకుని ఉన్నాడు. అన్నం ముట్టనని వాళ్ళమ్మ మధ్యాహ్నంనుంచి పేచీ పెట్టిందట.

"రోజూ అయిదునుంచి ఆరుదాకా గ్రిల్లు తాళం తీసి ఉంచుతాను. ఒక్క నిమిషం దాటినా వేసేస్తాను. చెప్పులు లేకుండా రండి."

ఇది కూడా రాతపూర్వకంగా కావాలా అని అడగాలనిపించింది. సరేనన్నాను.

రౌండుకో మాట పెద్దావిడతో మాట్లాడుతూ నడిస్తే గంటకు పాతిక రౌండ్లు దాటవు. పాతిక రౌండ్లంటే సరిగ్గా ఒక కిలోమీటరు. ఆవిడను ఇంటికి చేర్చాలంటే రెండు వందల ముప్ఫై ఆరు రోజులు. అయిదింటికి చెప్పులు విడిచి బయల్దేరాను. చెప్పుల స్టాండు మళ్ళీ మధ్యలోనే ఉంది. గ్రిల్లు తలుపు తోసి, బీరువా దాటి, మలుపు తిరిగి, కిటికీ పక్క గోడకు చెయ్యి ఆనించాను.

ఆయిల్ పెయింటు ఇంకా ఆరలేదు. చెయ్యి తీసేసరికి నా అయిదు వేళ్ళూ గోడ మీద పడ్డాయి. పెద్దావిడ చూసింది. రేపు ఫిర్యాదు వెళ్తుంది, సెక్రటరీగారు రాతపూర్వకంగా అడుగుతారు. ఇదివరకటి ఉత్తరం తప్పని, ఆ మలుపు తిరిగి మేమిద్దరం వెళ్తామని రాసిస్తాను.

వెనక్కి తిరిగి మెట్ల తలుపువైపు నడిచాను. ఒకటి.